వాన వచ్చేది కుట్టు దారినే

సభలో ఉన్న పెద్దలకు, కుట్టు శిక్షణ పూర్తి చేసుకున్న అక్కచెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు నమస్కారం.

విషయంలోకి వెళ్ళే ముందు మీ ఎదురుగా దండేనికి వేలాడుతున్న ఈ రెండు గుడ్డ సంచుల గురించి చెప్పాలి. రెండూ ఒకే తానులోంచి కత్తిరించినవి. రెండింటినీ నేనే, ఒకే మిషను మీద, ఒకే సూదితో, ఒకే రకం దారంతో కుట్టాను. గుడ్డకు పట్టించిన మైనం కూడా ఒకటే. ఒక్కొక్క సంచికి అడుగున అడ్డంగా ఒక అతుకు ఉంది. మీరంతా కూర్చుంటున్నప్పుడే రెండింటిలోనూ జానెడు ఎత్తున నీళ్ళు పోసి, కింద చెరొక ఇత్తడి పళ్ళెం పెట్టాను. నేను మాట్లాడినంతసేపూ అవి అలాగే ఉంటాయి. మధ్యలో చప్పుడు వినిపిస్తే మీ చూపు అటు పోయినా నేనేమీ అనుకోను.

నేను మొట్టమొదట వానకోటు కుట్టింది మా తమ్ముడికి. వాడప్పట్లో తెల్లవారుజామునే సైకిల్ మీద ఇంటింటికీ పాలు పోసి వచ్చేవాడు. కాకీ డ్రిల్లు గుడ్డ కొని, చొక్కా కుట్టడం వచ్చిన చేతితో చొక్కా లాగే కోటు కుట్టాను: భుజాల మీద అతుకు, చంకల చుట్టూ అతుకు, గుడ్డ పన్నా చాలక వీపు మధ్యన నిలువుగా మరో అతుకు. అంతకుముందే గుడ్డకు కొవ్వొత్తులు కరిగించి రాసి ఉంచాను కనుక ఇక వాన ఏం చేస్తుందిలే అనుకున్నాను. మృగశిర దాటాక మంచి వాన పడిన రోజు వాడు తిరిగొచ్చి కోటు విప్పితే, లోపలి తెల్ల చొక్కా మీద మెడ నుంచి భుజం చివరిదాకా వేలెడు వెడల్పున అటొకటి ఇటొకటి తడి గీతలున్నాయి, వీపు మీద నిలువునా మరొకటి ఉంది. మిగతా చొక్కా అంతా పొడిగా ఉంది. నేను ఎక్కడెక్కడ మిషను నడిపానో నీళ్ళు సరిగ్గా అక్కడక్కడే గీత గీసినట్టుంది. వాడు నన్ను ఒక్క మాట అనకుండా చొక్కా మార్చుకుని వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ తడి చొక్కాను చాలాసేపు చేతుల్లో పట్టుకుని చూశాను. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు వానకోటు గురించి నేను నేర్చుకున్నదంతా ఆ మూడు గీతల నుంచి మొదలైందే.

సూది గుడ్డలో దిగిన ప్రతిసారీ ఒక రంధ్రం పడుతుంది, ఆ రంధ్రంలో దారం ఉంటుంది. దారం ఏం చేస్తుందో దీపారాధన చేసే ప్రతి ఇంట్లోనూ తెలుసు. వత్తి ప్రమిదలోని నూనెను పైకి ఎలా లాగుతుందో, కుట్టుదారం కోటు మీద నిలిచిన నీటిని లోపలికి అలాగే లాగుతుంది. రంధ్రం ఒక్కటే అయితే కొంత నయం. అందులో వత్తి కూడా ఉండటం వల్ల గట్టి ఒత్తిడి లేకపోయినా నీరు లోపలికి చేరుతుంది. గజం పొడవు కుట్టులో అంగుళానికి ఎనిమిది పోట్ల లెక్కన దాదాపు 290 రంధ్రాలుంటాయి. మనం గుడ్డను ఎంత శ్రద్ధగా నీరు పట్టకుండా చేసినా, ఆ తర్వాత మన చేత్తోనే దాన్ని జల్లెడ చేస్తున్నాం.

ఈ బాధ పడిన మొదటివాళ్ళం మనం కాము. స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో చార్లెస్ మాకింటోష్ అనే రసాయన వ్యాపారి 1823లో రెండు గుడ్డల మధ్య రబ్బరు పొర పెట్టి అతికించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. బొగ్గు నుంచి వెలుతురు గ్యాసు తీసే కర్మాగారాల్లో మిగిలే తారు నుంచి వచ్చే నాఫ్తాలో రబ్బరు కరుగుతుంది. ఆ ద్రావణమే అతని జిగురు. గుడ్డ వరకు నీరు చొరని గుడ్డే. దర్జీలు దాన్ని కోటుగా కుట్టాక కుట్ల దగ్గర కారింది. చలికి బిరుసెక్కడం, ఎండకు జిగటపడటం అనే ఇబ్బందులు 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేసే పద్ధతి కనిపెట్టాక, ఇంగ్లండులో థామస్ హాంకాక్ అదే దారిలో పని చేశాక తగ్గాయి. కుట్టు రంధ్రాన్ని మాత్రం గంధకం పూడ్చలేదు. ఇప్పుడు మనం బజారులో కొనే ప్లాస్టిక్ కోట్లలో అతుకులను చాలావరకు దారంతో కాకుండా వేడితో అంటిస్తున్నది కూడా ఈ కారణంగానే. అయితే ఆ కోటు చంక దగ్గర ఒక్కసారి చిరిగితే మన సూదీ దారం దాన్ని నిలబెట్టలేవు. ఏడాది తిరగకుండానే అది చెత్తకుప్ప మీదకి చేరుతుంది. చిరిగినా మళ్ళీ కుట్టుకోగలిగిన కోటు మన చేతుల్లో ఉండాలన్నదే నా తాపత్రయం.

కనుక వానకోటు కుట్టేటప్పుడు ముందు ఆలోచించవలసింది అతుకు ఎలా వేయాలన్నది కాదు, ఎక్కడ వేయకూడదన్నది. పెంకుటింటి కప్పు చూడండి, తాటాకు నేసిన పాక చూడండి. నేతపని చూరు దగ్గర మొదలై పైకి పోతుంది. పై వరుస కింది వరుస మీదికి దిగుతుంది. నీరు పై ఆకు మీద నుంచి కింది ఆకు మీదికి జారుతుందే తప్ప రెంటి సందులోకి తిరిగి ఎక్కే దారి ఉండదు. నాట్లకు వెళ్ళేవాళ్ళు తల మీద పెట్టుకునే తాటాకు గిడుగు చేసినవాళ్ళకూ ఈ సంగతి తెలుసు. నిలబడి ఉన్న మనిషి శరీరంలో వాన నేరుగా పడి నిలిచే చోట్లు రెండే, తల, భుజాలు. ఆ రెండు చోట్లా అతుకు ఉండకూడదు. చొక్కాకు భుజం మీద వేసే అతుకును వానకోటులో ఛాతీ వైపు నాలుగు వేళ్ళు కిందికి దింపి, ముందు నుంచి భుజం మీదుగా వీపు దాకా ఒకే ముక్కగా యోక్ కత్తిరించాలి. యోక్ కింది అంచు ఛాతీ ముక్క మీదికి, వీపు ముక్క మీదికి పెంకులాగా దిగి ఉండాలి. టోపీని రెండు ముక్కలుగా కత్తిరిస్తే నడినెత్తి మీద అతుకు వస్తుంది. నుదుటి నుంచి మెడ వెనక దాకా ఒక పట్టీ, దానికి అటూ ఇటూ చెవుల ముక్కలు, ఇలా మూడు ముక్కలు చేస్తే అతుకులు రెండూ పక్కలకు దిగిపోతాయి. వీపు మధ్యలో అతుకు పెట్టాలనిపిస్తే ఇంకొంచెం పన్నా ఉన్న గుడ్డ వెతుక్కోవడం మేలు.

తప్పని అతుకులకు ఏ కుట్టు వేయాలన్నది రెండో మాట. జీన్స్ ప్యాంటు కాలు తిరగేసి చూస్తే ఒక పక్క రెండు వరుసల కుట్టుతో, ఎక్కడా పచ్చి అంచు కనబడకుండా చదునుగా ఉన్న అతుకు కనిపిస్తుంది. మందపాటి గుడ్డకు అదే సరైనది. రెండు ముక్కలూ కలిపి ఒక వరుస కుట్టి, కింది ముక్క అంచును సగానికి కత్తిరించి, పై ముక్క అంచును దాని మీదికి మడిచి, ఇస్త్రీ పెట్టి, రెండో వరుస కుట్టాలి. దీంతో నీటి దారిలో ఒక పొరకు బదులు నాలుగు పొరలు అడ్డం పడతాయి. ఇక్కడ చాలామంది మరిచేది మడత దిశ. అడ్డం అతుకులో మడత నోరు ఎప్పుడూ నేల వైపే చూడాలి; ఆకాశం వైపు చూస్తే ఆ మడత నీళ్ళు పట్టే తొట్టి అవుతుంది. పక్క అతుకుల్లో అది వీపు వైపు చూడాలి, ఎందుకంటే సైకిల్ మీదో బండి మీదో పోయేవాళ్ళకు జల్లు ముందు నుంచి కొడుతుంది. గొడుగు గుడ్డ లాంటి పల్చని నైలాన్ అయితే నేను మరో పద్ధతి మెచ్చుతాను. ముందు రెండు ముక్కల మంచివైపులూ బయటికి ఉండేలా కలిపి సన్నగా కుట్టి, తిప్పి, ఆ అంచు లోపల దాగేలా రెండోసారి కుడితే బయటివైపు ఒక్క రంధ్రం కూడా కనబడదు. మందపు గుడ్డకు ఆ పని చేస్తే చంక కింద తాడు పెట్టినట్టు ఒరుసుకుంటుంది.

పోటు పొడవు మూడు మిల్లీమీటర్ల కంటే తగ్గించకండి. చిన్న పోట్లు గట్టిగా ఉంటాయన్నది జాకెట్ల విషయంలో నిజమే కానీ, ఇక్కడ అవి తపాలా బిళ్ళల మధ్య చిల్లుల్లాగా గుడ్డను బలహీనం చేస్తాయి, నీళ్ళకు దారులు పెంచుతాయి. డ్రిల్లుకు 14 నంబరు సూది చాలు. 16 నంబరు కాన్వాసుకే వాడండి. మైనం పట్టించిన గుడ్డకు, నైలానుకు గుండుసూదులు గుచ్చకూడదు, ఆ చిల్లు ఇక పూడదు. బట్టలారేసే క్లిప్పులు పెట్టుకుంటే సరిపోతుంది. తప్పు కుట్టి విప్పినా అంతే, కనుక నైలాను మీద కుట్టే ముందు పాత చీర ముక్క మీద ఒకసారి మొత్తం కోటు కుట్టి చూసుకోవడం వృథా శ్రమ కాదు.

దారం గురించి ఇంకొంచెం చెప్పాలి. నూలు తడిస్తే ఉబ్బుతుంది. ఆ ఉబ్బు వల్ల దారం తన రంధ్రాన్ని తానే కొంత మూస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో కూలిన విమాన చోదకులు చలినీటికి చనిపోకుండా మాంచెస్టర్‌లోని షిర్లీ పరిశోధన సంస్థ తయారుచేసిన వెంటైల్ అనే గుడ్డ ఇదే గుణం మీద నిలబడింది. పొడుగు పింజ పత్తిని చాలా చిక్కగా నేస్తే, తడవగానే పోగులు ఉబ్బి సందులు మూసుకుపోతాయి. అయితే అచ్చ నూలుదారం తేమకు రెండు మూడు వానాకాలాల్లో చీకిపోతుంది. పాలియెస్టర్ చీకదు, ఉబ్బదు. లోపల పాలియెస్టర్, పైన నూలు చుట్టిన దారం దొరికితే రెండు గుణాలూ కలిసొస్తాయి. చెప్పులు కుట్టేవాళ్ళు దారానికి మైనం రుద్దుకోవడం మీరంతా చూసే ఉంటారు. గుండీలు, కొక్కేలు చేత్తో కుట్టేటప్పుడు మనమూ అలాగే చేయాలి. ఆ దారాన్ని మిషనుకు ఎక్కించకండి, మైనం దారాన్ని బిగువుగా పట్టే బిళ్ళల మధ్య పేరుకుపోతుంది.

ఇప్పుడు గుడ్డకు నీరు పట్టకుండా చేసే పని. తామరాకు మీద నీటిబొట్టు అన్న మాట మనం మనుషుల గురించి వాడుతుంటాం గాని, వానకోటుకు అదే పాఠం. తామరాకు మీద కంటికి కనిపించని బొడిపెలుంటాయి, వాటి మీద మైనపు పూత ఉంటుంది. నీరు ఆకును అంటుకోలేక తనలో తాను ముడుచుకుని బొట్టుగా నిలబడుతుంది. గుడ్డ మీద ఈ పని రెండు విధాలుగా చేయవచ్చు. పోగుల మధ్య సందులను అలాగే ఉంచి పోగుకు మాత్రం నీరంటే గిట్టకుండా చేయడం ఒకటి. సందులనే నింపేయడం మరొకటి.

మొదటిదానికి పటిక, సబ్బు చాలు. నూనెతో చేసిన అసలు సబ్బును వేడినీళ్ళలో కరిగించి గుడ్డను నానబెట్టి పిండి, తర్వాత పటిక కరిగిన నీళ్ళలో ముంచాలి. డిటర్జెంటు పొడి దీనికి పనికిరాదు. లోపల ఏం జరుగుతుందో చూడాలంటే ఒక గాజు గ్లాసులో సబ్బు నీళ్ళు పోసి పటిక నీళ్ళు కలపండి: పాలు విరిగినట్టు తెల్లని పెళ్ళలు కడతాయి. అది నీళ్ళలో కరగని అల్యూమినియం సబ్బు. అదే పోగుల లోపల విరిగితే గుడ్డ మీద నీరు నిలవదు, గాలి మాత్రం ఆడుతుంది. తుంపరకు ఇది చక్కగా ఆగుతుంది. జడివానకు ఆగదు, సంచి పట్టీ భుజాన్ని నొక్కిన చోట సందుల్లోంచి నీరు దిగిపోతుంది. వానలో గుడ్డ డేరాను లోపలి నుంచి వేలితో తాకితే అక్కడి నుంచే కారడం మొదలవుతుందని పెద్దలు పిల్లలను వారించేవారు, కారణం ఇదే.

మన వానలకు నేను నమ్మేది మైనం. కొత్త గుడ్డను ఒక రాత్రి నానబెట్టి, ఉతికి, గంజి పూర్తిగా వదిలించి, ఆరిన తర్వాతే కత్తిరించాలి. గంజి ఉన్న గుడ్డ మైనం తాగదు, పైగా తర్వాత కురచబడుతుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అది ఒక్కటే రాస్తే మన ఎండకు చేతికి అంటుతుంది. కొవ్వొత్తి మైనం ఒక్కటే రాస్తే మడత పడిన చోటల్లా తెల్లగా పగులుతుంది. మూడు పాళ్ళు కొవ్వొత్తి మైనం, ఒక పాలు తేనెమైనం నా చేతికి కుదిరిన లెక్క. మోకాళ్ళ కిందికి వచ్చే కోటుకు 400 గ్రాములకు అటూ ఇటూగా పడుతుంది. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు, మరుగుతున్న నీళ్ళ గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించి, సబ్బు బిళ్ళలాగా పోసుకోవాలి. ఆ బిళ్ళతో కుట్టిన కోటు మొత్తాన్ని సుద్ద రుద్దినట్టు రుద్ది, రోహిణి కార్తె మధ్యాహ్నం డాబా మీద పరిస్తే సగం పని ఎండే చేసి పెడుతుంది. మిగిలిన సగానికి పైన కాగితం వేసి తక్కువ వేడిలో ఇస్త్రీ పెట్టాలి. గుడ్డ మీద తెల్లటి పొర మాయమై, రంగు ఒక ఛాయ ముదిరిందంటే మైనం పోగులోకి దిగినట్టు. ఇలా రోహిణిలో పని ముగించుకుంటే మృగశిరకు కోటు సిద్ధంగా ఉంటుంది.

ఈ వరుసలో నేను తమ్ముడి కోటుకు చేసిన తప్పు మీకు కనబడే ఉంటుంది. నేను ముందు మైనం పట్టించి తర్వాత కుట్టాను. ముందు కుట్టి తర్వాత పట్టించాలి. అప్పుడు ప్రతి సూదిరంధ్రంలోకీ, ప్రతి దారంలోకీ మైనం దిగుతుంది, వత్తి నీటిని లాగడం మానేస్తుంది. ఆ పైన లోపలివైపు నుంచి ప్రతి అతుకు వెంబడీ ఇంకోసారి రుద్ది వేడి తగిలించాలి.

అవిసె నూనె పద్ధతి ఓడ మనుషులది. అవిసె నూనె గాలిలోని ఆమ్లజనితో కలిసి తోలులాంటి పొరగా గట్టిపడుతుంది. రంగుల దుకాణాల్లో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్‌ను పల్చగా పూసి, పూర్తిగా ఆరాక మళ్ళీ పూస్తూ, రెండు మూడు పూతలు వేస్తే జడివానకు కూడా చలించని కోటు అవుతుంది. కానీ ఒక హెచ్చరికను మీరు మరిచిపోకూడదు. ఈ నూనె ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన పాత గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అవసరం లేదు. ఆ గుడ్డలను వెంటనే నీళ్ళలో ముంచాలి, లేదా ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి. కోటును కూడా మడత పెట్టకుండా, గాలి ఆడేలా వేలాడదీసి ఆరబెట్టాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో, ఒకే గదిలో వంటా కుట్టూ జరిగే ఇంట్లో ఈ పద్ధతి వద్దనే నేను చెబుతాను. మైనం కోటు కూడా పొయ్యి దగ్గర ఆరేయవలసినది కాదు.

నైలాను గుడ్డ మైనం తాగదు కనుక దాని అతుకులకు లోపలి నుంచి సన్నని పట్టీ అంటించాలి. సైకిల్ ట్యూబుకు పంక్చరు వేసే రబ్బరు సొల్యూషన్ ఇందుకు పనికొస్తుంది. ద్రావకంలో కరిగిన రబ్బరే అది. రెండు వందల ఏళ్ళ నాటి మాకింటోష్ జిగురుకు తమ్ముడిలాంటిదన్నమాట. అతుకుకూ పట్టీకీ రెండింటికీ రాసి, తడి లాగేదాకా ఆగి, అప్పుడు నొక్కాలి. కిటికీలు తెరిచి ఉంచుకోండి. కొంతకాలానికి అది పెళుసెక్కుతుంది, ఏటా ఒకసారి చూసుకోవాలి.

నీరు రాకుండా మూసినకొద్దీ చెమట లోపలే నిలుస్తుంది. ఉక్కపోసే శ్రావణంలో గంటసేపు బండి నడిపి కోటు విప్పినవాళ్ళు, వాన లోపలికి వచ్చిందని నా మీద ఫిర్యాదు చేసిన సందర్భాలున్నాయి. వేలు పెట్టి చూస్తే అతుకు పొడిగానే ఉండేది, తడి అంతా చెమటది. చంక కింద ఇత్తడి ఐలెట్లు, అంటే నడుమ చిల్లున్న చిన్న బిళ్ళలు, నాలుగేసి బిగించండి. అక్కడికి వాన చేరదు, వేడి మాత్రం బయటికి పోతుంది. వీపు మీద యోక్ అంచును కుట్టేయకుండా వదిలి, దాని చాటున గుడ్డకు చిన్న చీలిక పెడితే ఇంకా మంచిది. ముందువైపు జిప్పు ఒక్కటే నమ్మవద్దు, దాని మీద నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డ అడ్డంగా పడి టిచ్ బటన్లతో మూసుకోవాలి. హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ కొంచెం పైకే ఉంటుంది కనుక నీరు మణికట్టు నుంచి మోచేతికి పాకుతుంది; కోటు చేతి అంచు లోపల ఎలాస్టిక్ వేసిన రెండో గుడ్డ చెయ్యి చిన్నది కుట్టాలి. కూర్చున్నప్పుడు ఒడిలో నీరు నిలుస్తుంది. అందుకే ఒడి మీద పడే భాగానికి రెండు పొరలు వేయాలి, జేబు అక్కడ పెట్టకూడదు.

వాడిన తర్వాత చల్లని నీళ్ళతో తుడిచి నీడలో వేలాడదీయడమే దీనికి చేసే సేవ. సబ్బు పెట్టకండి, వాషింగ్ మిషన్‌లో వేయకండి, మడతపెట్టి బీరువాలో దాచకండి. మరుసటి రోహిణిలో మోచేతులు, భుజాలు, అతుకులు చూసి, రంగు వెలిసిన చోట మళ్ళీ మైనం రుద్దండి. చిరిగితే అదే గుడ్డ ముక్క పైనుంచి కిందికి పెంకులా పడేలా వేసి కుట్టి, దాని మీద మైనం పట్టించండి. కత్తిరింపులో మిగిలిన ముక్కలను పారేయకుండా కోటు జేబులోనే ఉంచి ఇవ్వడం నాకు అలవాటు.

నేను పటిక గురించి చెబుతున్నప్పుడే ఎడమవైపు పళ్ళెంలో మొదటి చుక్క పడింది, ముందు వరుసలో ఉన్నవాళ్ళు విన్నారు. ఇప్పుడు ఆ పళ్ళెంలో అరచేతి మేర నీరుంది. అది మైనం పట్టించాక, చొక్కాకు వేసే మామూలు కుట్టుతో, తమ్ముడి కోటులాగే కుట్టిన సంచి. కుడివైపుది జీన్స్ కాలుకు ఉండే రెండు వరుసల జోడు కుట్టు వేసి, ఆ తర్వాత మైనం పట్టించినది. నీళ్ళు ఇంకా పారబోయలేదు. ఒక్కొక్కరూ ముందుకు వచ్చి, రెండు సంచుల అడుగునా అతుకు వెంబడి వేలితో తడిమి చూడండి. తర్వాత రెంటినీ ఖాళీ చేసి, తిరగేసి, లోపలి మడత ఎటు చూస్తోందో మీకు చూపిస్తాను.